కప్పు వాళ్లది... కథ వీళ్లది!

గెలిచిన జట్టు గొప్పదా, బాగా ఆడిన జట్టు గొప్పదా? ఫుట్‌బాల్‌ అభిమానుల మధ్య ఇది ఎప్పటికీ తెగని పంచాయితీ. ఆ పంచాయితీ మొదలైన ప్రతిసారీ సాక్ష్యానికి పిలిచే జట్టు ఒకటుంది. కప్పు సంగతి అటుంచండి, సెమీఫైనల్‌కి కూడా చేరని జట్టది. 1982 నాటి బ్రెజిల్‌!

1982 జులై 6. బ్రెజిల్‌లోని సావోపాలో నగరంలో 'జోర్నాల్‌ ద టార్డె' అనే పత్రిక ఆ రోజు మొదటి పేజీలో వార్త వేయలేదు. విశ్లేషణ లేదు, పతాక శీర్షికా లేదు. పేజీ నిండా ఒకటే ఫొటో. బ్రెజిల్‌ జట్టు చొక్కా తొడుక్కున్న ఓ చిన్న కుర్రాడు... తన్నుకొస్తున్న ఏడుపుని బిగబట్టుకుని నిలబడ్డాడు. ఇంకో క్షణం ఆగితే భోరుమంటాడని చూడగానే తెలిసిపోతుంది. దానికింద ఊరి పేరూ తేదీ. 'బార్సిలోనా, 1982 జులై 5'. అంతే!

ఆ తేదీన ఏం జరిగిందో ఏ బ్రెజిలియన్‌కీ విడమరిచి చెప్పక్కర్లేదు. స్పెయిన్‌లో ప్రపంచకప్‌ జరుగుతోంది. బార్సిలోనాలోని సారియా స్టేడియంలో బ్రెజిల్‌ 2-3తో ఇటలీ చేతిలో ఓడిపోయింది. ఇటలీ ఆ ఊపులోనే సెమీస్‌లో పోలండ్‌ని, ఫైనల్లో పశ్చిమ జర్మనీని మట్టికరిపించి కప్పు పట్టుకెళ్లింది. రికార్డుల్లో ఆ ఏడాది పక్కన ఉన్న పేరు ఇటలీదే. కానీ ఇటలీ దాటి ఎక్కడికెళ్లినా, 1982 అనగానే పాత అభిమానుల నోట ముందు వచ్చే పేర్లు వేరు. జీకో, సోక్రటీస్‌, ఫాల్కావ్‌, సెరెజో...

ఓడినవాళ్లని ఇంతగా గుర్తుపెట్టుకోవడం ఏమిటి, విచిత్రం కాకపోతే అనిపిస్తుంది. కానీ మనకీ ఇలాంటి అలవాటు ఉంది. 2000 జనవరిలో సిడ్నీ టెస్టులో ఆస్ట్రేలియా మీద మన లక్ష్మణ్‌ కొట్టిన 167 గుర్తుందిగా? ఆ ఇన్నింగ్స్‌లో జట్టు మొత్తం చేసింది 261 పరుగులే. ఇన్నింగ్స్‌ 141 పరుగుల తేడాతో చిత్తుగా ఓడిన మ్యాచ్‌ అది. ఓటమి తేడా ఎంతో చెప్పమంటే తడుముకునేవాళ్లు కూడా ఆ మణికట్టు విసురు గురించి మాత్రం ఇప్పటికీ అరగంట చెబుతారు.

బంతి మాట వినేది

బ్రెజిల్‌ కోచ్‌ పేరు టెలె సాంటానా. 1980లో బాధ్యతలు తీసుకున్నాడు. ఒకప్పుడు వింగర్‌గా ఆడినవాడే. ఆయనకి నచ్చని విషయాలు రెండు... ఎదుటివాడిని కావాలని పడగొట్టడం, బంతిని గాలికి తన్నడం. చేతిలో ఉన్న ఆటగాళ్లు కూడా అలాంటివాళ్లే. మిడ్‌ఫీల్డ్‌లో నలుగురు. నలుగురికీ బంతి చెప్పినమాట వినేది.

జట్టు సారథి సోక్రటీస్‌ సంగతే చూడండి. ఆరడుగుల పైన ఎత్తు, సన్నటి కాళ్లు, గడ్డం. వైద్యం చదివిన డాక్టరు. సిగరెట్లు తెగ కాల్చేవాడు. పరుగెత్తడం కన్నా ఆలోచించడం ఎక్కువ. వెనక్కి చూడకుండా మడమతో బంతి ఇచ్చేవాడు, అది సరిగ్గా సహచరుడి కాళ్ల దగ్గరకే వెళ్లేది. బ్రెజిల్‌లో సైనిక పాలన నడుస్తున్న రోజుల్లో తన క్లబ్‌ కొరింథియన్స్‌లో ప్రతి నిర్ణయానికీ ఓటింగు పెట్టించిన బృందంలో ముఖ్యుడు. ఎప్పుడు ప్రాక్టీసు చేయాలన్న దగ్గర్నుంచి అన్నీ ఓటుతోనే. బట్టలు ఉతికేవాళ్లకీ ఆటగాళ్లకీ సమానంగా ఒకటే ఓటు. అలాంటి మనిషి సారథి అయితే ఆ జట్టు ఆట వేరేగా ఎలా ఉంటుంది!

మొదటి మ్యాచ్‌లో సోవియట్‌ యూనియన్‌ ముందు గోల్‌ కొట్టింది. బ్రెజిల్‌ గోల్‌కీపర్‌ వాల్దిర్‌ పెరెస్‌ చేతుల్లోంచి బంతి జారిపోయింది. సోక్రటీస్‌ సమం చేశాడు. ఇక మూడు నిమిషాల్లో ఆట అయిపోతుందనగా, తన దగ్గరకు వచ్చిన బంతిని ఫాల్కావ్‌ ముట్టుకోకుండా కాళ్ల మధ్య నుంచి వదిలేశాడు. వెనక ఉన్న ఎడెర్‌ దాన్ని కాలిబొటనవేలితో కాస్త పైకి లేపి, కిందపడకముందే ఎడమకాలితో దంచాడు. 2-1. తర్వాత స్కాట్లాండ్‌ మీద 4-1, న్యూజిలాండ్‌ మీద 4-0. రెండో దశలో ప్రపంచ ఛాంపియన్‌ అర్జెంటీనా మీద 3-1. ఆ మ్యాచ్‌లో ఉక్రోషం పట్టలేక మారడోనా ఒకడిని తన్ని రెడ్‌కార్డుతో బయటికెళ్లాడు. నాలుగు మ్యాచ్‌లు, 13 గోల్స్‌. ఒక్కో గోలూ ఒక్కో రకం.

ఇటు ఇటలీ పరిస్థితి చూస్తే నవ్వొస్తుంది. తొలి దశలో మూడు మ్యాచ్‌లూ డ్రా. కామెరూన్‌తో సమానంగా పాయింట్లు, సమానంగా గోల్స్‌ తేడా. ఒక గోల్‌ ఎక్కువ కొట్టిందన్న లెక్కతో గట్టెక్కింది. సొంత దేశపు విలేకరులు ఏకిపారేస్తుంటే జట్టు మొత్తం అలిగి పత్రికలతో మాట్లాడటమే మానేసింది. దానికితోడు ముందువరసలో ఆడుతున్న పావ్‌లో రోసీ... మ్యాచ్‌ల బెట్టింగ్‌ కుంభకోణంలో రెండేళ్ల నిషేధం అనుభవించి ప్రపంచకప్‌కి కొన్ని వారాల ముందే వచ్చినవాడు. నాలుగు మ్యాచ్‌లాడి ఒక్క గోలూ కొట్టలేదు. అయినా కోచ్‌ బేర్‌జోట్‌ అతన్ని తీసేయలేదు.

డ్రా చాలు... అయినా!

సారియాలో ఆ రోజు బ్రెజిల్‌కి డ్రా చాలు. గోల్స్‌ తేడాలో ముందుంది కాబట్టి సెమీస్‌కి వెళ్లిపోతుంది. అయిదో నిమిషంలోనే రోసీ తలతో కొట్టాడు. ఏడు నిమిషాల తర్వాత జీకో తనకు కాపలాగా ఉన్న జెంటిలెని బోల్తా కొట్టించి ఇచ్చిన పాస్‌ని సోక్రటీస్‌ గోల్‌ చేశాడు. 25వ నిమిషంలో సెరెజో నిర్లక్ష్యంగా అడ్డంగా వేసిన బంతిని రోసీ ఎత్తుకెళ్లాడు. మళ్లీ ఇటలీ ముందు. అప్పటికే జెంటిలె లాగుడుకి జీకో చొక్కా చిరిగి వేలాడుతోంది. రిఫరీ చూడలేదు. 68వ నిమిషంలో సెరెజో ఒక పక్కకి పరుగెత్తి ఇటలీ రక్షకుల్ని తనవెంట తీసుకుపోతే, ఆ ఖాళీలోంచి ఫాల్కావ్‌ ఎడమకాలితో కొట్టాడు. 2-2. చేతుల నరాలు ఉబ్బేలా అరుస్తూ ఫాల్కావ్‌ పరుగెత్తిన దృశ్యం ఫుట్‌బాల్‌ ఆల్బముల్లో శాశ్వతంగా ఉండిపోయింది.

ఇక్కడే మన పంచాయితీకి అసలు మూలం ఉంది. 'డ్రా చాలు కదా, వెనక్కి తగ్గి కాపాడుకోవచ్చు కదా! అందంగా ఆడాలన్న పిచ్చితో ముందుకురికి ఓడిపోయారు' అని ఆనాటి నుంచి అనేవాళ్లు కోకొల్లలు. బ్రెజిల్‌లో ఒక తరం కోచ్‌లు దీన్నే పాఠంగా నేర్చుకున్నారు. కానీ ఆ మూడో గోల్‌ పడిన తీరు ఒకసారి చూస్తే ఈ మాట నిలవదు. 74వ నిమిషం. ఇటలీకి కార్నర్‌ దొరికింది. బ్రెజిల్‌ వాళ్లు ముందుకు ఉరకలేదు సరికదా, దాదాపు అందరూ సొంత గోల్‌ ముందే గుమిగూడి ఉన్నారు. అంతమంది మధ్య బంతి సరిగ్గా బయటకు పోలేదు. టార్డెలి కొట్టాడు, దాన్ని రోసీ కాలుపెట్టి దారి మళ్లించాడు. అందరూ ముందుకు కదులుతుంటే గోల్‌పోస్టు దగ్గరే ఉండిపోయిన జూనియర్‌ వల్ల రోసీ ఆఫ్‌సైడ్‌ కాలేదు. అంటే ఆ గోల్‌ పడింది దాడికి పోయినప్పుడు కాదు, కాపాడుకుంటున్నప్పుడు!

ఇంకో మాట కూడా చెప్పుకోవాలి. ఇటలీ ఆ రోజు చెత్తగా ఆడి గెలిచిందనడం అన్యాయం. ఆంటోన్యోని కొట్టిన నాలుగో గోల్‌ని ఆఫ్‌సైడ్‌ అని తప్పుగా కొట్టేశారు. చివరి నిమిషాల్లో ఆస్కార్‌ తలతో కొట్టిన బంతిని 40 ఏళ్ల దినో జాఫ్‌ సరిగ్గా గీత మీద పట్టుకున్నాడు. బ్రెజిల్‌ ఓడింది అందంగా ఆడినందుకు కాదు. బలహీనమైన గోల్‌కీపింగ్‌, ఒక పిచ్చి పాస్‌, గాయంతో టోర్నీకే దూరమైన కరెకా... ఇవీ కారణాలు. కానీ ఓడినవాళ్ల మీద ఏ కారణం రుద్దినా అతుక్కుంటుంది. ఆ రోజు ఫుట్‌బాల్‌ చచ్చిపోయిందని జీకో తర్వాతి రోజుల్లో అన్నాడు. అది కాస్త ఎక్కువే కావచ్చు. కానీ బ్రెజిల్‌ ఆటలో ఏదో ఒకటి మాత్రం మారిపోయింది.

24 ఏళ్ల ఆకలి

1986లో టెలె సాంటానా మళ్లీ వచ్చాడు. ఈసారి మెక్సికో. దూరదర్శన్‌ పుణ్యమా అని మన ఇళ్లలో కూడా అర్ధరాత్రి దాకా టీవీల ముందు కూర్చున్న ప్రపంచకప్‌ అది. అయిదు మ్యాచ్‌ల్లో బ్రెజిల్‌ ఒక్కటంటే ఒక్క గోలే ఇచ్చింది. కానీ క్వార్టర్‌ ఫైనల్లో ఫ్రాన్స్‌ మీద జీకో పెనాల్టీ తప్పాడు. ఆ తర్వాత షూటౌట్‌లో సోక్రటీస్‌ తప్పాడు. ఇంటికొచ్చేశారు. టెలె ఐరన్‌లెగ్‌ అని దేశమంతా ముద్ర వేసేసింది.

1990లో కొత్త కోచ్‌, కొత్త పద్ధతి. ఆట మోటుగా తయారైంది. అర్జెంటీనా చేతిలో 0-1తో రెండో రౌండ్‌లోనే బయటికి. అందమూ లేదు, కప్పూ లేదు. దీనికంతటికీ ఒక మనిషి పేరు పెట్టారు... డుంగా. మిడ్‌ఫీల్డ్‌లో అడ్డుకోవడమే పనిగా పెట్టుకున్న ఆటగాడు. డుంగా అన్నది ముద్దుపేరు. స్నోవైట్‌ కథలో ఏడుగురు మరుగుజ్జుల్లో ఒకడిది! ఆ దశ మొత్తాన్నీ 'డుంగా యుగం' అని పత్రికలు వెక్కిరించాయి.

ఆ వెక్కిరింపుని నాలుగేళ్లు గుండెల్లో దాచుకున్నాడు డుంగా. 1994 అమెరికా ప్రపంచకప్‌ వచ్చేసరికి బ్రెజిల్‌ కప్పు గెలిచి 24 ఏళ్లయింది. కోచ్‌ కార్లోస్‌ ఆల్బెర్టో పరేరా లెక్కల మనిషి. డిఫెన్స్‌ ముందు ఇద్దరు కాపలాదారులు, డుంగా, మౌరో సిల్వా. ముందు ఇద్దరే ఇద్దరు, రొమారియో, బెబెటో. ఆ రొమారియోని కూడా పరేరా ఇష్టపడి తీసుకోలేదు. 1993లో బొలీవియా చేతిలో బ్రెజిల్‌ ఓడింది. ప్రపంచకప్‌ అర్హత పోటీల చరిత్రలోనే వాళ్లకి అది తొలి ఓటమి. చివరికి ఉరుగ్వేతో చావోరేవో అన్నప్పుడు రొమారియోని పిలవక తప్పలేదు. వచ్చినవాడు రెండు గోల్స్‌ కొట్టి ఒడ్డున పడేశాడు.

ఏడు మ్యాచ్‌ల్లో బ్రెజిల్‌ కొట్టింది 11 గోల్స్‌, ఇచ్చింది మూడు. (1982లో అయిదు మ్యాచ్‌ల్లోనే 15 కొట్టింది, ఆరు ఇచ్చింది. రెండు జట్ల తేడా ఈ నాలుగు అంకెల్లో దొరికిపోతుంది.) క్వార్టర్స్‌లో నెదర్లాండ్స్‌ మీద 3-2 మ్యాచ్‌ని పక్కనపెడితే మనసులో ఉండిపోయేవి తక్కువ. జులై 17న లాస్‌ఏంజెలిస్‌ పక్కన పాసడీనాలో మళ్లీ ఇటలీతోనే ఫైనల్‌. మండుటెండలో 120 నిమిషాలు ఆడినా 0-0. ప్రపంచకప్‌ చరిత్రలో గోల్‌ పడని తొలి ఫైనల్‌ అది. చివరికి షూటౌట్‌లో బాజియో బంతిని ఆకాశంలోకి కొట్టాడు. బ్రెజిల్‌ గెలిచింది.

కప్పు అందుకున్నది డుంగా. ఎత్తిపట్టుకున్నప్పుడు అతని మొహంలో ఆనందం కన్నా కసే ఎక్కువ. ఎదురుగా ఉన్న ఫొటోగ్రాఫర్ల వైపు తిరిగి పచ్చి బూతులు తిట్టాడు. ప్రపంచ విజేత తన జీవితంలోని అతి గొప్ప క్షణంలో చేసిన పని అది! తప్పే. కానీ ఆ కోపం వెనక ఉన్న మనిషినీ చూడాలి. అతను అడిగింది ఒక్కటే... గెలిచాం కదా, ఇంకా ఏం కావాలి మీకు?

సమాధానం చెప్పడం సులభం కాదు. 24 ఏళ్లు ఎదురుచూసిన దేశం అది. 1970లో పీలేని చూసిన తండ్రులు, ఏమీ చూడని పిల్లలు. సారియాలో ఓడినప్పుడు ఏడ్చిన కుర్రాళ్లు పెరిగి పెద్దవాళ్లయిపోయారు. ఆ రాత్రి రియో వీధుల్లో చిందులేసినవాళ్లలో ఎవరైనా 'మిడ్‌ఫీల్డ్‌లో సృజనాత్మకత తగ్గింది సుమా' అని ఉంటారా? కప్పు చూడని ఇంటికి కప్పు విలువ తెలుస్తుంది. నిండా తిన్నవాడు రుచుల గురించి మాట్లాడినట్టు, అందం గురించిన కబుర్లు ఎక్కువగా గెలిచి అలసిపోయినవాళ్ల నోటే వినిపిస్తాయి.

నమ్మకం లేకపోతే గ్రీస్‌ వెళ్లి అడగండి. 2004కి ముందు ఏ పెద్ద టోర్నీలోనూ ఒక్క మ్యాచ్‌ కూడా గెలవని దేశం. ఆ ఏడు యూరో కప్‌లో జర్మన్‌ కోచ్‌ ఒట్టో రేహాగెల్‌ పదిమందిని గోల్‌ ముందు గోడలా నిలబెట్టాడు. క్వార్టర్స్‌లో ఫ్రాన్స్‌ మీద 1-0. సెమీస్‌లో చెక్‌ మీద 1-0. ఫైనల్లో పోర్చుగల్‌ మీద, అదీ వాళ్ల సొంతగడ్డపైన, 1-0. చూసేవాళ్లకి ఆవులింతలొచ్చాయని యూరప్‌ అంతా విసుక్కుంది. ఏథెన్స్‌లో మాత్రం ఎవరూ ఆవులించలేదు.

అన్న కథ, తమ్ముడి కథ

1994 జట్టులో ఒక సంగతి పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. ఆ జట్టు టోర్నీని మొదలెట్టింది డుంగా సారథ్యంలో కాదు. అప్పుడు సారథి రాయీ. పది నంబరు చొక్కా. సోక్రటీస్‌కి సొంత తమ్ముడు! మొదటి మూడు మ్యాచ్‌లు అయ్యాక పరేరా అతన్ని పక్కన పెట్టాడు. సారథి పట్టీ డుంగా చేతికి వెళ్లింది. పాసడీనాలో కప్పు ఎత్తాల్సిన చేయి ఆ కుటుంబానిదే అయ్యుండేది. 1982లో అన్నకి అందనిది 1994లో తమ్ముడి చేతిదాకా వచ్చి తప్పిపోయింది.

కానీ రాయీ కథలో దానికన్నా ముందే ఇంకో ఘట్టం ఉంది. ఐరన్‌లెగ్‌ అనిపించుకున్న టెలె సాంటానా గుర్తున్నాడా? ఆయన 1990లో సావోపాలో క్లబ్‌ కోచ్‌గా చేరాడు. వయసు అరవై దగ్గరపడింది. పద్ధతి మార్చుకున్నాడా అంటే లేదు. అదే పాసుల ఆట, అదే శుభ్రమైన ఆట. కాకపోతే ఈసారి రక్షణ మీద కూడా కాస్త శ్రద్ధ పెట్టాడు. అతని చేతికింద రాయీ మెరిశాడు. 1992లో దక్షిణ అమెరికా క్లబ్‌ కిరీటం లిబర్టడోరెస్‌ కప్పు గెలిచారు. ఆ డిసెంబరులో టోక్యోలో ఖండాంతర కప్పు కోసం యూరప్‌ విజేతతో పోటీ. ఎదురుగా బార్సిలోనా. దాని కోచ్‌ ఎవరో తెలుసా? యోహాన్‌ క్రైఫ్‌.

ఈ ఇద్దరూ ఒకే మైదానంలో ఎదురుపడటం విధి ఆడిన ఆటలా ఉంటుంది. 1974 ప్రపంచకప్‌లో క్రైఫ్‌ నాయకత్వంలోని నెదర్లాండ్స్‌ కూడా అచ్చం ఇలాగే... ప్రపంచం నోరెళ్లబెట్టేలా ఆడి, ఫైనల్లో 1-2తో పశ్చిమ జర్మనీకి కప్పు వదిలేసింది. ఓడి మనసులు గెలిచిన ఇద్దరు, ఈసారి కప్పు కోసం! స్టొయిచ్‌కోవ్‌ బార్సిలోనాకి ముందు గోల్‌ కొట్టాడు. రాయీ సమం చేశాడు. తర్వాత ఫ్రీకిక్‌ని గోల్‌ పైమూలకి వంచి రెండోదీ కొట్టాడు. సావోపాలో 2, బార్సిలోనా 1. మరుసటి ఏడు కూడా లిబర్టడోరెస్‌ వాళ్లదే. టోక్యోలో మళ్లీ, ఈసారి ఏసీ మిలాన్‌ మీద 3-2.

టెలె సాంటానా పద్ధతికి కప్పులు రావని అన్నవాళ్లు అప్పుడు కాస్త సర్దుకున్నారు. 1994లో కప్పు గెలిచిన 'అందంలేని' బ్రెజిల్‌లో రాయీతోపాటు కఫూ, లియొనార్డో, ముల్లర్‌ లాంటి వాళ్లంతా టెలె సాంటానా దగ్గర ఆడినవాళ్లేనన్నది కొసమెరుపు.

క్రైఫ్‌దీ అదే దారి. బార్సిలోనాలో ఆయన నాటిన ఆటని ఆయన శిష్యుడు గార్డియోలా తర్వాత కోచ్‌గా పెంచి పెద్దచేశాడు. దాని ఫలం 2010లో స్పెయిన్‌ ప్రపంచకప్‌. అయితే ఆ ఫైనల్లో స్పెయిన్‌కి ఎదురుగా నిలిచింది క్రైఫ్‌ సొంత దేశమే! నెదర్లాండ్స్‌ ఆ రోజు కాళ్లు, ఛాతీలు చూడకుండా తన్నింది. డీ యాంగ్‌ బూటు అలోన్సో రొమ్ముకి తగిలిన దృశ్యం ఎవరూ మరచిపోరు. ఫైనల్లో డజనుకు పైగా పసుపు కార్డులు లేచాయి. మ్యాచ్‌ అయ్యాక క్రైఫ్‌ సొంత జట్టునే బహిరంగంగా తూర్పారబట్టాడు. ముప్ఫై ఆరేళ్ల నుంచి తన దేశానికి దక్కని కప్పు అది. దక్కే అవకాశం వచ్చిన రోజున అలా అనాలంటే గుండె నిబ్బరం ఉండాలి.

ఆ ప్రపంచకప్‌లోనే బ్రెజిల్‌ కోచ్‌గా ఎవరున్నారంటే... డుంగా. రొనాల్డినోని వదిలేశాడు, కుర్ర నెయ్‌మార్‌ని తీసుకెళ్లమని దేశమంతా అడిగినా వినలేదు. గట్టి జట్టు, క్రమశిక్షణ, ఎదురుదాడి. అంతకుముందు 2007లో కోపా అమెరికా, 2009లో కాన్ఫెడరేషన్స్‌ కప్‌ గెలిచిపెట్టింది కాబట్టి ఎవరూ గట్టిగా మాట్లాడలేదు. క్వార్టర్స్‌లో నెదర్లాండ్స్‌ 2-1తో ఓడించింది. డుంగా ఉద్యోగం పోయింది. 1982 జట్టు ఓడినప్పుడు ఏడ్చిన దేశం 2010 జట్టు ఓడినప్పుడు చిరాకుపడింది. గెలుస్తాం అన్న హామీ ఒక్కటే ఇచ్చిన జట్టు ఓడిపోతే అభిమాని చేతిలో ఏముంటుంది?

ఆ కాలీసూ ఆట మనకీ తెలుసు

ఈ గొడవ ఎక్కడో దక్షిణ అమెరికాది, మనకెందుకు అనుకోనక్కర్లేదు. హైదరాబాద్‌కి ఒక టెలె సాంటానా ఉండేవాడు. ఆయన కన్నా ముందే! సయ్యద్‌ అబ్దుల్‌ రహీమ్‌. వృత్తిరీత్యా ఉపాధ్యాయుడు. 2024లో అజయ్‌ దేవగణ్‌ నటించిన 'మైదాన్‌' సినిమా ఆయన కథే. ఆయన తీర్చిదిద్దిన హైదరాబాద్‌ సిటీ పోలీస్‌ జట్టు 1950 నుంచి 1954 దాకా వరుసగా అయిదుసార్లు రోవర్స్‌ కప్‌ గెలిచింది. బంతిని నేలమీద ఉంచి చిన్నచిన్న పాసులతో ఆడటం రహీమ్‌ సాబ్‌ పద్ధతి. అందుకోసం ఆటగాళ్లు బంతిని ఎక్కువసేపు తమ దగ్గరే పెట్టుకుని డ్రిబుల్‌ చేయడానికి వీల్లేని పోటీలు పెట్టేవాడు. బలహీనమైన కాలితోనే ఆడాలన్న పోటీలు కూడా!

1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో యుగోస్లావియా మన జట్టుని 10-1తో చితక్కొట్టింది. మనవాళ్లు చాలామంది ఉత్త కాళ్లతో ఆడారు. నాలుగేళ్లకి మెల్‌బోర్న్‌లో పలువురు హైదరాబాదీలున్న రహీమ్‌ జట్టు ఆస్ట్రేలియాని వాళ్ల గడ్డమీదే 4-2తో ఓడించింది. నెవిల్‌ డిసౌజా హ్యాట్రిక్‌. సెమీస్‌లో అదే యుగోస్లావియా. ముందు గోల్‌ కొట్టింది మనమే, కానీ 1-4తో ఓడాం. కాంస్యం కోసం బల్గేరియాతో ఆడి 0-3తో అదీ పోయింది. పతకం లేదు. నాలుగో స్థానం. అయినా భారత ఫుట్‌బాల్‌ వెలిగిన రోజుల గురించి చెప్పేటప్పుడు ఆ జట్టుని తల్చుకోకుండా ముందుకెళ్లేవాళ్లు లేరు.

అలాగని రహీమ్‌ సాబ్‌ ఆట అందంగా ఉంటే చాలు అనుకునే మనిషేం కాదు. 1962 జకార్తా ఆసియా క్రీడలు చూడండి. అప్పటికే క్యాన్సర్‌ లోపల తినేస్తోంది. తొలి మ్యాచ్‌లో కొరియా చేతిలో ఓటమి. వెన్నెముకలాంటి డిఫెండర్‌ జర్నైల్‌ సింగ్‌ తలకి దెబ్బ తగిలి కుట్లు పడ్డాయి. రహీమ్‌ ఏం చేశాడు? అతన్ని తీసుకెళ్లి సెంటర్‌ ఫార్వర్డ్‌గా నిలబెట్టాడు! శాస్త్రం ప్రకారం అది ఆట అందానికి ఏమాత్రం నప్పని పని. కట్టు కట్టిన తలతోనే జర్నైల్‌ సెమీస్‌లో ఒకటి, ఫైనల్లో ఒకటి కొట్టాడు. మరో గోల్‌ పీకే బెనర్జీది. కొరియా మీద 2-1. స్వర్ణం. సికింద్రాబాద్‌ దగ్గరి అమ్ముగూడ కుర్రాడు తులసీదాస్‌ బలరామ్‌ కూడా ఆ జట్టులో ఉన్నాడు. 1963 జూన్‌లో రహీమ్‌ కన్నుమూశాడు. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మనకి ఆ తర్వాత స్వర్ణం రాలేదు.

టెలె సాంటానా, క్రైఫ్‌, రహీమ్‌... ముగ్గురిలో ఒక్కరు కూడా ఓడిపోయినా పర్లేదు అనలేదన్నది గమనించాలి. అలా అన్నది వాళ్లని ఆరాధించిన మనమే. కప్పు మీద వాళ్లకున్న ఆశ డుంగాకి ఉన్నదానికన్నా వీసమెత్తు తక్కువ కాదు. కాకపోతే కప్పు కోసం ఆటని తాకట్టు పెట్టలేదు.

ఇక అభిమాని మాటకొస్తే అతనికి కప్పుతో పని ఏడాదికో, నాలుగేళ్లకో ఒకసారి. అదీ అదృష్టం ఉంటే! మిగతా రోజులన్నీ అతను చూసేది ఆటనే. ప్రపంచకప్‌కి 32 జట్లు వచ్చినా, 48 వచ్చినా, మురిసిపోయేది ఒక్క దేశం. 2002 తర్వాత 2022 దాకా బ్రెజిల్‌ అయిదు ప్రపంచకప్‌లు ఆడి క్వార్టర్స్‌ దాటింది ఒకే ఒక్కసారి, 2014లో. అదీ సొంతగడ్డ మీద జర్మనీ చేతిలో 1-7. కప్పే ముఖ్యం అనుకున్న అభిమాని ఆ ఇరవై ఏళ్లూ దేన్ని చూసుకుని మురిసిపోవాలి?

సారియా స్టేడియం ఇప్పుడు లేదు. 1997లో కూల్చేశారు. టెలె సాంటానా 2006లో పోయాడు. రోసీ 2020లో. సోక్రటీస్‌ వీళ్ల మధ్యలో, 2011 డిసెంబరు 4న, 57 ఏళ్లకే వెళ్లిపోయాడు. తెల్లవారుజామున సావోపాలో ఆసుపత్రిలో కన్నుమూశాడు. ఆ రోజు ఆదివారం. సాయంత్రం అదే నగరంలో అతని పాత క్లబ్‌ కొరింథియన్స్‌కి లీగ్‌లో ఆఖరి మ్యాచ్‌ ఉంది. ఆట మొదలయ్యే ముందు కొరింథియన్స్‌ ఆటగాళ్లు మైదానం మధ్య గుండ్రంగా నిలబడి కుడి పిడికిలి పైకెత్తారు. గోల్‌ కొట్టినప్పుడు సోక్రటీస్‌ అలాగే ఎత్తేవాడు. గ్యాలరీల్లో వేలమంది పిడికిళ్లు లేచాయి.

కొరింథియన్స్‌ లీగ్‌ ఛాంపియన్‌ కావాలంటే ఆ రోజు డ్రా చాలు. మ్యాచ్‌ 0-0తో ముగిసింది.